ముసురు నెలల్లో పరుగు: పొద్దుటా, సాయంత్రమా? గ్రౌండా, పొర్లుకట్టా?

నెల్లూరులో ఉండి చలి వల్ల పరుగు మానేశానని చెప్పడానికి కాస్త ధైర్యం కావాలి. జనవరి తెల్లవారుజామున కూడా ఇక్కడ కనిష్ఠ ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. రోహిణి కార్తెలో 40 దాటిన ఎండను భరించిన ఒళ్లు దానికి వణికిందంటే ఎవరు నమ్ముతారు? నిజానికి పరుగెత్తడానికి మన ప్రాంతంలో మంచికాలమంటూ ఉంటే అది ఇదే. అయినా దసరాకు ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది కార్తికం ముగిసేలోపే బూట్లు అటక ఎక్కిస్తారు. నేనూ రెండేళ్లు ఎక్కించాను.

తప్పు చలిది కాదు, ముసురుది. నెల్లూరు జిల్లాకు ఏడాది మొత్తం మీద కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది. ఒంగోలు వైపు తీరానికి కూడా ఆ మూడు నెలల వాటా తక్కువేమీ కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే నాలుగు రోజులు ఆకాశం కనిపించదు. ఆ నాలుగు రోజులూ ఎవరూ పరుగెత్తరు, పరుగెత్తకూడదు కూడా. చిక్కంతా ఐదో రోజున. వాన తెరిపిస్తుంది, ఎండ కాస్తుంది, మనం మాత్రం లేవం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నాకు అచ్చంగా ఇదే జరిగింది. ముందు ముసురు. తర్వాత పిల్లల పరీక్ష పేపర్లు దిద్దడం. ఆ తర్వాత అరిసెలకు బియ్యం నానబోయడం. మళ్లీ బూట్ల లేసులు కట్టుకున్నది కనుమ దాటిన వారానికి.

అందుకే కింద చెప్పే ఎంపికలన్నిటినీ నేను ఒకే తూకంలో తూచాను. ఏది ఎక్కువ కొవ్వు కరిగిస్తుంది, ఏది వేగం పెంచుతుంది అన్నవి ప్రస్తుతానికి పక్కన పెడదాం. నాలుగు రోజులు తెగిన తర్వాత ఐదో రోజున మనల్ని మళ్లీ గుమ్మం దాటించేది ఏది? ఈ నెలల్లో తేల్చుకోవలసింది అంతే. ఒక మాట ముందే చెప్పాలి. నాలుగైదు రోజుల విరామంతో దమ్ము తగ్గిపోదు. అది తగ్గినట్లు తెలిసేది రెండు మూడు వారాలు దాటాకే. ‘మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి’ అన్న దిగులు ఉత్త సాకు.

పొద్దుటా, సాయంత్రమా

లెక్కతో మొదలుపెడదాం. నెల్లూరులో నవంబరు చివర, డిసెంబరు మొదట్లో సూర్యుడు సాయంత్రం సుమారు 5.40కే అస్తమిస్తాడు. ఏడాదిలో అన్నిటికంటే తొందరగా చీకటి పడే రోజులవి. డిసెంబరు నడుమ నుంచి సాయంత్రాలు మెల్లగా పొడుగవుతాయి. సంక్రాంతి నాటికి సూర్యాస్తమయం దాదాపు 6 గంటలకు జరుగుతుంది. పొద్దుటి సంగతి వేరు. పండుగ వెళ్లింది కదా, ఇక త్వరగా తెల్లవారుతుంది అనుకుంటాం గానీ, మన దగ్గర సూర్యోదయం అన్నిటికంటే ఆలస్యమయ్యేది జనవరి మూడో నాలుగో వారంలో, సుమారు 6.40కి. అంటే డిసెంబరు మొదట్లో చీకటి సాయంత్రం పరుగుకు అడ్డం, జనవరిలో పొద్దుటి పరుగుకు అడ్డం. సీజను మొత్తానికి ఒకే వేళ పెట్టుకున్నవాళ్లు ఎక్కడో ఒకచోట దెబ్బతినడానికి ఇదొక కారణం.

పొద్దుటి పరుగును చెడగొట్టేది మనమే. దుప్పటి, ఆవులింత, ‘ఇంకో పది నిమిషాలు’. సాయంత్రం పరుగును చెడగొట్టేది లోకం. బంధువులు వస్తారు, స్టాఫ్ మీటింగు గంట సాగుతుంది, పిల్లవాడికి ట్యూషను ఉంటుంది, పచారీ కొట్టుకు వెళ్లాల్సి వస్తుంది. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు ఈ రెండూ ఒకేసారి తగులుకుంటాయి. 5 గంటలకు లేస్తే వంట, క్యారియర్లు. సాయంత్రం ఇంటికి రాగానే మళ్లీ వంట. నా మటుకు పొద్దుటి వేళే నిలిచింది. దానికి కారణం నా క్రమశిక్షణ కాదు, ఆ వేళలో నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఉప్మా రవ్వ రాత్రే వేయించి పెట్టుకుంటాను, అంతే.

అయితే ముసురు తర్వాత మాత్రం నేను వేళ మారుస్తాను. నాలుగు రోజులు 6.30 దాకా పడుకున్న ఒంటిని ఐదో రోజున 5 గంటలకు లేపడం దాదాపు అసాధ్యం. అందుకని తెరిపిచ్చిన మొదటి రెండు రోజులు సాయంత్రం పరుగెత్తుతాను, పావుగంటైనా సరే. ఒళ్లు అలసి రాత్రి త్వరగా నిద్ర పడుతుంది, మూడో రోజుకు పొద్దుటి వేళ తనంతట తానే తిరిగి వస్తుంది. మిచాంగ్ తర్వాత ఏడాది నుంచి ఇలాగే చేస్తున్నాను. మధ్యలో ఒక్కసారి తప్పింది, అది కూడా జ్వరం వల్ల.

సాయంత్రానికి ఇంకో శత్రువు ఉంది, నెల్లూరు దోమ. దాని కీర్తి గురించి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! పరుగెత్తేటప్పుడు కుట్టదు, ఆగి లేసు కట్టుకునేటప్పుడు కుడుతుంది. వానల తర్వాత నీళ్లు నిలిచిన రోజుల్లో దీన్ని నవ్వుకుని వదిలేయకండి. డెంగీ మోసే దోమ కుట్టేది పగటిపూటే, ముఖ్యంగా పొద్దున, పొద్దుగూకే ముందు. పొడుగు చేతుల పలుచటి చొక్కా వేసుకోవడం మంచిది.

పొద్దుటి గాలి శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం కూడా చలికాలంలో సగమే నిజం. చల్లటి గాలి నేలకు అంటుకుని కదలకుండా ఉంటుంది కాబట్టి రాత్రి తగలబెట్టిన చెత్త పొగ తెల్లవారేదాకా అక్కడక్కడే తిరుగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఎండ వచ్చాక పరుగెత్తడమే మేలు.

ఇక ధనుర్మాసం. డిసెంబరు 16 ప్రాంతం నుంచి భోగి దాకా ఉండే ఆ నెలను చాలామంది పరుగుకు పనికిరాని నెలగా లెక్కేస్తారు. నాకైతే ఆడవాళ్లు పొద్దున్నే వీధిలో పరుగెత్తడానికి అంతకంటే భద్రమైన నెల లేదనిపిస్తుంది. 5 గంటలకల్లా గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. అలారం పెట్టుకున్నా పెట్టుకోకపోయినా మెలకువ రాక తప్పదు. వీధుల్లో వాకిళ్లు చిమ్మేవాళ్లు, కళ్లాపి చల్లేవాళ్లు, ముగ్గులు పెట్టేవాళ్లు, అదృష్టం ఉంటే ఒక హరిదాసు. మిగతా నెలల్లో ఆ వేళకు కుక్కలు తప్ప మరో ప్రాణి కనిపించని వీధులే అవి. ఒక్కటే ఇబ్బంది, ముగ్గు తొక్కకూడదు. మా వీధిలో సంక్రాంతి వారంలో పరుగెత్తడం తొక్కుడుబిళ్ల ఆడటంతో సమానం. ఒకసారి గొబ్బెమ్మను తన్నబోయి తమాయించుకున్నాను. ఆ ఇంటావిడ ఇప్పటికీ నన్ను చూడగానే వాకిట్లో నిలబడి కాపలా కాస్తుంది.

ఎక్కడ

గ్రౌండు, పొర్లుకట్ట (అంటే పెన్న వరద ఊళ్లోకి రాకుండా ఆపే గట్టు), రోడ్డు, సముద్రపు ఒడ్డు. మనకు ఉన్న దారులు ఇవే.

గ్రౌండు విసుగు. ఒప్పుకుంటాను. లోపలి వరసలో 400 మీటర్ల చుట్టు అయితే 5 కిలోమీటర్లకు పన్నెండున్నర చుట్లు, అదే గోడ, అదే మనిషి ఫోనులో అవే మాటలు. అయినా మొదటిసారి మొదలుపెట్టేవాళ్లకు, ముసురు తర్వాత తిరిగి మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు గ్రౌండుకే. ఎందుకంటే ఎప్పుడైనా ఆపవచ్చు. రెండు చుట్లు కొట్టి కాళ్లు రాకపోతే బండి పక్కనే ఉంటుంది. ఇంటికి 3 కిలోమీటర్ల దూరంలో కాళ్లు రాకపోవడం వేరు. నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, వీఆర్సీ గ్రౌండు ఉంది. ఒంగోలులో మినీ స్టేడియం ఉంది. పొద్దున నడకకు వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి ఒంటరితనం ఉండదు. వీఆర్సీలో ఏదైనా బహిరంగ సభ ఉంటే ఆ ఒకటి రెండు రోజులు గ్రౌండు మనది కాదు, ఆ తర్వాత మేకులు, గుంతలు చూసుకుని పరుగెత్తాలి. వాన పడ్డ మర్నాడు బురదలో జారతారు. ఆ రోజు గట్టిపడిన అంచు వెంట నడవండి, అదీ లెక్కలోకే వస్తుంది. రోజూ ఒకే దిక్కుగా తిరిగితే ఒక పక్క మోకాలు మూలుగుతుంది. నడిచేవాళ్లు తిట్టుకున్నా సరే, సగం చుట్లు ఎదురు దిక్కున వేయండి.

పొర్లుకట్ట గ్రౌండుకు పూర్తిగా వ్యతిరేకం. రంగనాయకుల గుడి గాలిగోపురం కనిపించే మేర పెన్న ఒడ్డున పొద్దుటి పరుగు ఎంత బాగుంటుందో మాటల్లో చెబితే అతిశయోక్తి అనుకుంటారు. వానలు బాగా పడిన ఏడాది ఇసుకకు బదులు నీళ్లు కనిపిస్తాయి, కొంగలు కనిపిస్తాయి, మంచు పొరలో అవతలి ఒడ్డు కనిపించదు. పరుగు మీద ప్రేమ పుట్టించే చోటు అది. నెలకు రెండుసార్లు వెళ్లినా చాలు, మిగతా రోజుల గ్రౌండును భరించే ఓపిక వస్తుంది. కానీ రోజువారీ పరుగుకు దాన్నే నమ్ముకోవద్దు. చీకట్లో ఒంటరిగా అసలే వద్దు. కుక్కలు గుంపులుగా ఉంటాయి, పైగా ఈ నెలల్లో పిల్లలు పెట్టిన తల్లులు ఎక్కువ. వాటి ముందు పరుగు పెంచితే వెంటపడతాయి. ఆగి, కళ్లలోకి చూడకుండా, మెల్లగా నడిచి దాటాలి. కరిస్తే ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసుపు, కారం లాంటివి పెట్టవద్దు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టనే కోసేసింది. నదికి నీళ్లు వదిలారన్న వార్త వింటే ఆ వారం ఆ వైపు వెళ్లే ఆలోచనే వద్దు.

రోడ్డు గురించి క్లుప్తంగా. ఊళ్ల మధ్య చిన్న రోడ్లు, కాలవ గట్లు మంచివే. నాట్ల కాలం కాబట్టి ట్రాక్టరు చక్రాల బురద పెళ్లలు రోడ్డు మీద ఉంటాయి, చీలమండ జాగ్రత్త. జాతీయ రహదారి అంచున మాత్రం పరుగెత్తవద్దు. ఒంగోలులో ఉండే మా తమ్ముడు కొన్నాళ్లు చీమకుర్తి రోడ్డు మీద పరుగెత్తాడు. గ్రానైట్ రాళ్ల లారీలు పక్కనుంచి వెళుతుంటే ‘అక్కా, వేగం దానంతట అదే పెరుగుతోంది’ అనేవాడు. అలాంటి ప్రేరణ మనకు అక్కరలేదు. ఇప్పుడు ఊరి లోపలే తిరుగుతున్నాడు. ఏ రోడ్డయినా వాహనాలకు ఎదురుగా, కుడి అంచున పరుగెత్తండి. చీకట్లో తెల్లటి లేదా లేత రంగు చొక్కా వేసుకోండి.

సముద్రపు ఒడ్డు ఆదివారం సరుకు. నెల్లూరు నుంచి మైపాడుకు 20 కిలోమీటర్లకు పైనే, ఒంగోలు నుంచి కొత్తపట్నానికి పదిహేనుకు పైనే. రోజూ కుదిరే పని కాదు. కుదిరిన రోజున తడి ఇసుక మీద, ఆటు వేళలో పరుగెత్తాలి. పొడి ఇసుకలో పిక్కలు పట్టేస్తాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారానికి అది ఆరు గంటలకు దగ్గర. అంటే ఈ ఆదివారం పొద్దున 6 గంటలకు నీళ్లు బాగా వెనక్కి పోయి ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు అలలు ఒడ్డు మీదికి వచ్చి ఉంటాయి. కాబట్టి ఆదివారం మార్చి ఆదివారం పెట్టుకుంటే చక్కగా సరిపోతుంది. ఒడ్డు వాలుగా ఉంటుంది. వెళ్లిన దారినే తిరిగి వస్తే ఆ వాలు భారం రెండు కాళ్లూ పంచుకుంటాయి. రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేశారంటే, అది ఒకటో నంబరైనా సరే, ఆ ఆదివారం ఇంట్లో పెసరట్లు వేసుకోండి.

ట్రెడ్‌మిల్లు? వాన పడుతున్న నాలుగు రోజులకు అక్కరకు వస్తుంది. ఆ నాలుగు రోజుల కోసం ఏడాది జిమ్ము రుసుము కట్టడం నాకు దండగ అనిపించింది. మా అపార్టుమెంటు మెట్లు ఎక్కి దిగుతాను, పది నిమిషాలు. దమ్ము కోసమని కాదు, బూట్లు కాళ్లకు ఉన్న సంగతి ఒళ్లు మరిచిపోకూడదని.

ఒంటరిగానా, తోడుతోనా

దీనికి సూటి జవాబు ఉంది. ముసురు తర్వాత మనల్ని లేపేవాటిలో గుమ్మం దగ్గర ఎదురుచూసే మనిషిని మించింది లేదు. అయితే ఎలాంటి తోడు అన్నది చూసుకోవాలి. మూడేళ్లలో మూడు రకాలూ చూశాను.

మొదట మా ఆయనతో మొదలుపెట్టాను. ఇద్దరం ఒకే మంచం మీద నుంచి లేవాలి కాబట్టి ఇద్దరం కలిసే మానేశాం. ఒకరి బద్ధకం ఇంకొకరికి సాకు. తర్వాత ఒక పెద్ద గుంపులో చేరాను. ముప్పై మంది ఉన్నచోట నేను రాకపోతే ఎవరికీ తెలియదు. అక్కడ పరుగు కంటే ఫోటోలు, ఆ తర్వాత టిఫిను ఎక్కువ. దోసె మీద కారం బాగుండేది, అది నిజం. కానీ ముసురులో గుంపు ముందే చెదిరిపోతుంది.

చివరికి నిలిచింది మా బడిలోనే పనిచేసే సోషల్ టీచరుతో. రెండు వీధుల అవతల ఉంటారు. వాళ్ల వీధి మలుపు దగ్గర 5.20కి కలుసుకుంటాం. రాని రోజున రాత్రి 9 లోపే చెప్పాలి, పొద్దున చెప్పడానికి వీల్లేదు. ఈ ఒక్క షరతే మమ్మల్ని కాపాడింది. పొద్దున 5 గంటలకు మనసు ఎన్ని వాదనలైనా చేస్తుంది. రాత్రి 9కి అన్ని వాదనలు తోచవు. వేగం ఇద్దరిదీ ఒకటి కాదు. నేను ఒక చుట్టు వేసేసరికి ఆవిడ ఒకటింపావు వేస్తారు. గ్రౌండులో అయితే అదేమీ ఇబ్బంది కాదు. గ్రౌండుకు నా ఓటు వేయడానికి ఇది రెండో కారణం.

ఒంటరిగా పరుగెత్తడమే ఇష్టమైనవాళ్లు ఉంటారు, వాళ్లను మార్చాలని లేదు. వాళ్లు ఏ దారిన వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లాలి, చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు. నలభై దాటి, బీపీయో చక్కెరో ఉంటే మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. పరుగులో ఛాతీ బరువెక్కితే ఆగిపోవాలి. ఒంటరిగా ఉన్నా, పదిమందిలో ఉన్నా ఇది ఒకటే.

పందెమా, రోజుల లెక్కా

చెన్నై మారథాన్ జనవరి మొదట్లో జరుగుతుంది, అందులో 10 కిలోమీటర్ల విభాగం కూడా ఉంటుంది. నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల ప్రయాణం. డబ్బు కట్టి పేరు నమోదు చేసుకుంటే డిసెంబరులో లేవక తప్పదని చాలామంది అంటారు. కుర్రవాళ్ల విషయంలో అది నిజమే అనుకుంటాను. మా తమ్ముడికి బాగా పనిచేసింది. కానీ అలాంటి పందెం గడువు సరిగ్గా మన తుపాన్ల మీద వచ్చి పడుతుంది. సాధనలో వారం పోతే గాభరా పుడుతుంది, ఆ వారాన్ని పూడ్చాలని ఒకేసారి రెట్టింపు పరుగెత్తితే మోకాలు పోతుంది. పందెం ఎంచుకునేవాళ్లు అక్టోబరు మొదటికే 7 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగి ఉండాలి. అప్పుడు రెండు ముసుర్లు వచ్చినా తట్టుకుంటారు. లేనివాళ్లు ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోవడం నయం.

రోజూ తప్పకుండా పరుగెత్తాలని క్యాలెండరులో టిక్కులు పెట్టుకునే పద్ధతి మనకు ఇంకా ప్రమాదం. ఆ గొలుసు మొదటి అల్పపీడనానికే తెగుతుంది, తెగిన గొలుసును చూస్తే మళ్లీ కట్టబుద్ధి కాదు. నేను నెలకు లెక్క పెట్టుకుంటాను: నవంబరుకు 10 రోజులు, డిసెంబరుకు 12, జనవరికి 16. వాన ఎప్పుడు పడినా ఆ లెక్క చెదరదు. దూరం రాయను, రోజులే రాస్తాను. 2 కిలోమీటర్లు పరుగెత్తినా ఒక రోజే, 8 పరుగెత్తినా ఒక రోజే.

బూట్ల మాట కూడా అనేసి ముగిస్తాను. రెండు జతలు ఉండాలి, రెండోది పాతదైనా పరవాలేదు. తడిసిన బూట్లు ఈ గాలి తేమలో రెండు రోజులైనా ఆరవు, ‘బూట్లు ఆరలేదు’ అన్నది డిసెంబరులో అన్నిటికంటే నమ్మదగిన సాకు. లోపలి అట్ట బయటికి తీసి, పాత పేపరు ఉండలు చుట్టి కుక్కి ఫ్యాను కింద పెట్టండి. గంటకు ఒకసారి పేపరు మారిస్తే మర్నాటికి వేసుకోవచ్చు. ఎండలో పెడితే అడుగు జిగురు ఊడుతుంది. కాలికి పుండో చీలికో ఉంటే వాన నీళ్లు నిలిచిన వీధుల్లోకి దిగవద్దు, లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు ఆ దారినే వస్తాయి. తెగిపడ్డ కరెంటు తీగలు, మూత లేని కాలువలు ఎటూ ఉన్నాయి. అందుకే తుపాను తర్వాత మొదటి పరుగు చీకట్లో వద్దని, సాయంత్రం వెలుతురు ఉండగానే అని మేమిద్దరం అనుకున్నాం.

ఈసారి భోగి నాడు మాత్రం పొద్దున గ్రౌండుకు వెళ్లం. వీధి వీధికీ మంటలు, పొగ. సోషల్ టీచరు గారు సాయంత్రం 4.30కి వస్తానన్నారు. బొబ్బట్లు తిన్నాక ఆవిడ ఒకటింపావు చుట్టు ఎంతకు తగ్గుతుందో చూడాలి.